‘సెండ్ అయింది’ని ‘వాజ్ సెండ్’ అని రాస్తే ఎక్కడ తప్పు?

ప్రశ్న: నమస్తే మేడం. మాది అనంతపురం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. డిగ్రీ అయ్యాక బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో పని చేస్తున్నాను. పోయిన నెల క్లయింట్‌కి ఇలా మెయిల్ రాశాను: ‘ద ఫైల్ వాజ్ సెండ్ యస్టర్డే. ద రిపోర్ట్ వాజ్ రోట్ బై మీ. వన్ ఎర్రర్ వాజ్ అకర్డ్, ఇట్ ఈజ్ బీన్ ఫిక్స్.’ మా లీడ్ దాన్ని ఎర్ర రంగులో దిద్ది టీమ్ అందరికీ పంపారు. సెండ్‌ని సెంట్ అని, రోట్‌ని రిటెన్ అని, చివరి మాటని ‘హ్యాజ్ బీన్ ఫిక్స్డ్’ అని మార్చారు. ‘వాజ్ అకర్డ్’ని ‘హ్యాడ్ బీన్ అకర్డ్’ చేశారు. ఆ రోజంతా తల ఎత్తలేకపోయాను. ఇంగ్లిష్ క్రియల మూడు రూపాల పట్టిక, అదే వీ వన్, వీ టూ, వీ త్రీ, నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రాసేటప్పుడు మాత్రం టెన్షన్‌లో తప్పులు దొర్లుతున్నాయి. పట్టిక మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టాలా? స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాలా? ఏఐ టూల్‌లో పెట్టి దిద్దించుకుంటే చాలు కదా అంటోంది మా రూమ్మేట్. అది నిజమేనా?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: ముందు మీ లీడ్ సంగతి. తప్పు దిద్దడం వారి పని. పదిమంది ముందు పెట్టి దిద్దడం పని కాదు. మీరు తల దించుకోవాల్సింది ఏమీ లేదు. పైగా వారు దిద్దిన నాలుగింట్లో ఒకటి తప్పే. అది ఏదో, ఎందుకో తరవాత చెప్తాను.

పట్టిక నోటికి వచ్చినా తప్పు దొర్లుతోందంటే లోపం పట్టిక దగ్గర లేదు. కాబట్టి దాన్ని మళ్లీ బట్టీ పట్టే పని పెట్టుకోకండి. మీ తప్పు ఇంకో చోట పుడుతోంది. దాన్ని పుట్టిన చోటే పట్టుకుంటే సగం పని అయిపోతుంది.

మన తెలుగువాళ్లు ఆఫీసులో మాట్లాడుకునే తీరు ఒకసారి చెవి పెట్టి వినండి. ‘ఫైల్ సెండ్ అయిందా?’ ‘టికెట్ క్లోజ్ అయింది.’ ‘మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది.’ ‘సర్వర్ రీస్టార్ట్ చేశాం.’ ‘నాకు అసైన్ చేశారు.’ ఇంగ్లిష్ క్రియను మనం మొదటి రూపంలోనే పట్టుకొస్తాం. అది నిన్న జరిగిందా, రేపు జరుగుతుందా, ఎవరు చేశారు అన్న లెక్కంతా ‘అయింది’, ‘చేశారు’ చూసుకుంటాయి. తెలుగులో అది చక్కగా కుదిరిన పద్ధతి. అందులో దిద్దుకోవాల్సింది ఏమీ లేదు. చిక్కంతా అదే వాక్యాన్ని మెయిల్‌లోకి ఎక్కించేటప్పుడు వస్తుంది. ‘అయింది’ తీసేసి అక్కడ ‘వాజ్’ పెడతాం, ‘సెండ్’ని మాత్రం కదపం. అలా ‘సెండ్ అయింది’ కాస్తా ‘వాజ్ సెండ్’ అవుతుంది, ‘క్లోజ్ అయింది’ ‘ఈజ్ క్లోజ్’ అవుతుంది, ‘కన్‌ఫ్యూజ్ అయ్యాను’ ‘ఐ యామ్ కన్‌ఫ్యూజ్’ అవుతుంది. మీ మెయిల్‌లో ఉన్న నాలుగు తప్పుల్లో సెండ్, ఫిక్స్ ఈ దారిలో వచ్చినవే. అకర్డ్‌కి చివర ‘డ్’ పెట్టారు గానీ, దాని ముందు అక్కర్లేని ‘వాజ్’ వచ్చింది కూడా ఈ ‘అయింది’ నుంచే. రోజంతా తెలుగులో ‘సెండ్ అయింది’ అనే నోటికి, మెయిల్ రాసే రెండు నిమిషాల్లో పట్టిక గుర్తుకు రాదు. అందుకే నిద్రలో లేపి అడిగితే చెప్పగలిగిన మీరు, కుర్చీలో కూర్చుని రాస్తే తడబడుతున్నారు.

రోట్ తప్పు వేరే రకం. అక్కడ మీకు పట్టిక గుర్తుకు వచ్చింది. రిపోర్ట్ రాసింది నిన్న కాబట్టి భూతకాలం, భూతకాలం కాబట్టి వీ టూ అనుకున్నారు. లెక్క బాగానే ఉంది కానీ, వాక్యంలో అప్పటికే ‘వాజ్’ ఉంది. నిన్న అన్న సంగతి అదే చెప్పేసింది. పాసివ్ వాయిస్‌లో, అంటే కర్మణి ప్రయోగంలో, కాలం చెప్పే పని పూర్తిగా బీ కుటుంబానిది: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీయింగ్, బీన్. దాని వెనక వచ్చే అసలు క్రియకు కాలంతో సంబంధం లేదు. అది ఎప్పుడూ మూడో రూపంలోనే ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మన బళ్లలో గట్టిగా చెప్పరని నాకు బాధ. మూడో రూపానికి పాస్ట్ పార్టిసిపుల్ అని పేరు పెట్టారు. పేరులో పాస్ట్ ఉంది కాబట్టి అది జరిగిపోయిన పనికే అనుకుంటాం. నిన్నటి పనికి ‘వాజ్ సెంట్’ అని సరిగ్గా రాసినవాళ్లు కూడా రేపటి పనికి వచ్చేసరికి ‘విల్ బీ సెండ్’ అని రాసేస్తారు. రేపటి పనికి పాస్ట్ ఎలా వస్తుందని వాళ్ల అనుమానం. కానీ చూడండి: ‘ద ఫైల్ ఈజ్ సెంట్ ఎవ్రీ మండే’, ‘ద ఫైల్ వాజ్ సెంట్ యస్టర్డే’, ‘ద ఫైల్ విల్ బీ సెంట్ టుమారో’. ప్రతి సోమవారం, నిన్న, రేపు, మూడింటికీ సెంటే. మారింది ముందు మాట ఒక్కటే. తెలుగులోనూ ఇలాంటిది ఉంది. ‘పంపబడింది’, ‘పంపబడుతుంది’, ‘పంపబడుతోంది’ అన్నప్పుడు ముందున్న ‘పంప’ కదలదు, కాలమంతా ‘బడు’ మోస్తుంది. ఇంట్లో మనం అలా మాట్లాడం, బడి పుస్తకాల్లోనూ ప్రభుత్వ నోటీసుల్లోనూ తప్ప అది కనపడదు. అయినా రాసింది సరిచూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఏ వాక్యం మీద అనుమానం వచ్చినా అందులో నిన్నని రేపు చేసి చూడండి. మారాల్సింది బీ మాట మాత్రమే. క్రియ కూడా మారాలని మీకు అనిపించిందంటే అక్కడే పొరపాటు పడుతున్నట్టు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ‘ద రిపోర్ట్ వాజ్ రిటెన్ బై మీ’ అని దిద్దితే వ్యాకరణం సరిపోయింది, వాక్యం మాత్రం బాగుపడలేదు. రాసింది మీరు, చెప్తున్నదీ మీరు. అప్పుడు ‘ఐ రోట్ ద రిపోర్ట్’ అంటే ఎంత హాయిగా ఉంది! మీరు గుర్తు పెట్టుకున్న రోట్‌కి అక్కడ చోటు దొరికింది. మెయిల్ అంటే ప్రతిదీ పాసివ్‌లో రాయాలని, అదే మర్యాద అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చేసింది ఎవరో తెలియనప్పుడు, తెలిసినా చదివేవాళ్లకు దాంతో పని లేనప్పుడు పాసివ్ వాడండి. ‘ద సర్వర్ వాజ్ రీస్టార్టెడ్ ఎట్ టూ’ అన్నప్పుడు ఎవరు చేశారన్నది క్లయింట్‌కి అక్కర్లేదు, ఎప్పుడు అయిందన్నదే కావాలి. వాక్యం చివర ‘బై మీ’, ‘బై అస్’ కనపడిందంటే అది యాక్టివ్‌లో రాయాల్సిన వాక్యమేమో అని ఒకసారి చూడండి. నూటికి తొంభై సార్లు అవుననే తేలుతుంది.

ఇప్పుడు మీ లీడ్ దిద్దిన ‘హ్యాడ్ బీన్ అకర్డ్’ సంగతి. అకర్ అనే క్రియకు పాసివ్ లేనే లేదు. వాజ్ పెట్టినా, హ్యాడ్ బీన్ పెట్టినా కుదరదు. ‘యాన్ ఎర్రర్ అకర్డ్’ అంటే చాలు. హ్యాపెన్ కూడా అంతే. ‘యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ అని మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు కనపడుతుందో మీకు తెలుసు. పాసివ్ అంటే ఒకరు చేసిన పని ఇంకొకరి మీదో, ఇంకోదాని మీదో పడటం. అలా పడే వీలు లేని క్రియకు పాసివ్ రాదు. బడిలో సకర్మకం, అకర్మకం అని చదువుకున్నారు కదా, అదే ఇది. ‘దేన్ని?’ అని అడిగి చూడండి. పంపాను. దేన్ని? ఫైల్‌ని. జవాబు వచ్చింది కాబట్టి ‘వాజ్ సెంట్’ కుదురుతుంది. జరిగింది. దేన్ని? జవాబు లేదు. కాబట్టి ‘వాజ్ హ్యాపెన్డ్’ కుదరదు. అరైవ్, ఫాల్, డై, డిసపియర్, ఎగ్జిస్ట్, ఇవన్నీ ఇదే జాతి.

ఈ తేడా మనకు కొత్త కాదు. సభ జరిగింది, సభ జరిపారు. గాజు పగిలింది, గాజు పగలగొట్టారు. తెలుగులో వీటికి రెండు వేరు వేరు క్రియలు ఉన్నాయి, ఎవరూ నేర్పకుండానే సరిగ్గా వాడతాం. ఇంగ్లిష్‌లోనూ కొన్ని చోట్ల అలాగే ఉంటాయి. జరిగిందనడానికి హ్యాపెన్ అయితే, జరపడానికి హోల్డ్. అందుకే ‘ద మీటింగ్ వాజ్ హెల్డ్ ఆన్ మండే’ అంటాం. ప్రశ్న దానంతట అది తలెత్తితే ‘ఎ క్వశ్చన్ అరోజ్’. ఒకరు లేవనెత్తితే ‘ఎ క్వశ్చన్ వాజ్ రెయిజ్డ్’. సపోర్ట్ పనిలో మీకు ఈ జంట రోజూ తగులుతుంది. కస్టమర్ ఫిర్యాదు నమోదు చేసే టికెట్ ఎప్పుడూ ‘వాజ్ రెయిజ్డ్’. సమస్య ‘అరోజ్’. ‘ఇష్యూ వాజ్ అరైజ్డ్’ అన్న మాట లేదు. ఓపెన్, క్లోజ్, స్టార్ట్, బ్రేక్, చేంజ్ లాంటి కొన్ని క్రియలు మాత్రం రెండు రకాలుగానూ నడుస్తాయి. ‘ద మీటింగ్ స్టార్టెడ్’ అన్నా సరే, ‘వాజ్ స్టార్టెడ్’ అన్నా సరే. వాటి గురించి టెన్షన్ పడకండి.

మీ లీడ్‌కి దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నారేమో. చెప్పనక్కర్లేదు. తరవాతి మెయిల్‌లో ‘యాన్ ఎర్రర్ అకర్డ్’ అని సరిగ్గా రాయండి. వారు మళ్లీ దిద్దితే అప్పుడు విడిగా, మర్యాదగా, డిక్షనరీ పేజీ చూపించండి.

నాలుగోది ‘ఈజ్ బీన్ ఫిక్స్’. మిగతా మూడు తప్పులు చదివినా క్లయింట్‌కి విషయం అర్థమవుతుంది. ఇది చదివితే అర్థం కాదు. ‘ఇట్ ఈజ్ బీయింగ్ ఫిక్స్డ్’ అంటే ఇంకా సరిచేస్తున్నారని. ‘ఇట్ హ్యాజ్ బీన్ ఫిక్స్డ్’ అంటే సరిచేసేశారని. ‘ఈజ్ బీన్’ అని చూసిన మనిషికి పని అయిందో లేదో తెలియదు. ఫోన్ చేసి అడుగుతారు, లేదంటే అయిపోయిందనుకుని తమ పని మొదలుపెట్టేస్తారు. స్టేటస్ మెయిల్‌లో ఈ ఒక్క ముక్క కోసమే వాళ్లు ఎదురు చూస్తుంటారు కాబట్టి, మిగతావి ఎలా ఉన్నా ఇది మాత్రం తప్పు పోకూడదు.

బీయింగ్, బీన్ తారుమారు కావడానికి కారణం మన పలుకు. బీయింగ్‌ని గబగబా అనేసరికి బీన్ లాగే వినిపిస్తుంది. చెవికి ఒకటిగా ఉన్నవాటిని చెయ్యి వేరు చేయలేదు. కాబట్టి ముందున్న మాటను చూసి రాయండి. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ వెనక ఎప్పుడూ బీనే. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ వెనక ఎప్పుడూ బీయింగే. విల్, వుడ్, కెన్, షుడ్, మస్ట్ వెనకా, టు వెనకా ఉత్త బీ. ‘హ్యాజ్ బీయింగ్ డన్’ అని గానీ ‘ఈజ్ బీన్ డన్’ అని గానీ రాసే సందర్భమే లేదు. మూడు చోట్లా ఆ తరవాత వచ్చే క్రియ మళ్లీ మూడో రూపమే.

ఇంకొకటి కూడా చూసుకోండి. ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్’ అంటే మీరు పంపారు. ‘ఐ హ్యావ్ బీన్ సెంట్ ద ఫైల్’ అంటే మీకు ఎవరో పంపారు. బీన్ అనే చిన్న ముక్క పని చేసిన మనిషినే మార్చేసింది. సెలవు మెయిల్స్‌లో ఇలాంటిదే తరచూ కనపడుతుంది. ‘ఐ వాజ్ ఇన్‌ఫార్మ్డ్ టు మై మేనేజర్’ అని రాస్తారు. చెప్పింది నిన్న కాబట్టి వాజ్, మేనేజర్‌కి కాబట్టి టు. మనసులో ఉన్నది ‘మేనేజర్‌కి చెప్పాను’. కానీ ‘ఐ వాజ్ ఇన్‌ఫార్మ్డ్’ అనగానే, చెప్పించుకున్నది మీరు అయిపోయారు. అక్కడ కావాల్సింది ‘ఐ ఇన్‌ఫార్మ్డ్ మై మేనేజర్’. వాజూ వద్దు, టూ వద్దు.

మీ రూమ్మేట్ మాటకు జవాబు ఇక్కడే ఉంది. ఏఐ టూల్ వాడండి, అందులో తప్పేమీ లేదు. సెండ్‌ని సెంట్ చేయడం, రోట్‌ని రిటెన్ చేయడం దానికి చిటికెలో పని. కానీ ‘ఐ వాజ్ ఇన్‌ఫార్మ్డ్ టు మై మేనేజర్’ అని పెడితే, మీరు మేనేజర్‌కి చెప్పారో, మేనేజర్ మీకు చెప్పారో దానికి తెలియదు. అది ‘బై మై మేనేజర్’ అని మార్చిందంటే వ్యాకరణం తప్పు లేని అబద్ధం మీ పేరు మీద వెళ్తుంది. ‘ఈజ్ బీన్ ఫిక్స్’ సంగతీ అంతే. పని అయిందో లేదో మీకు తెలుసు, టూల్‌కి తెలియదు. కాబట్టి ముందు మీరు దిద్దుకుని, తరవాత దానికి చూపించండి. అది ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో చదివి అప్పుడు పంపండి. ఇక ఫోన్ కాల్‌లో మాట్లాడేటప్పుడు దిద్దిపెట్టడానికి అది పక్కన ఉండదు.

పట్టిక బట్టీ పట్టొద్దన్నాను. కానీ దాన్ని ఇంకో కంటితో చూడండి. మన అవస్థంతా కొద్ది క్రియలతోనే అని తెలుస్తుంది. చాలా క్రియలకు రెండో రూపం, మూడో రూపం ఒకటే: సెంట్, సెంట్, బిల్ట్, బిల్ట్, ఫౌండ్, కెప్ట్, లాస్ట్, మేడ్, పెయిడ్, టోల్డ్, బాట్, టాట్. వీటిలో వీ టూనా, వీ త్రీనా అన్న గొడవే లేదు. ఒకటి తెలిస్తే రెండూ తెలిసినట్టే. కాకపోతే సెండ్, స్పెండ్, లెండ్, బిల్డ్ చివర ‘డ్’ పోయి ‘ట్’ వస్తుందని టైప్ చేసే వేలు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ‘వాజ్ బిల్డ్’ అన్నది మన మెయిల్స్‌లో సెండ్ తరవాత ఎక్కువగా కనపడే తప్పు.

కొన్నింటికి మూడు రూపాలూ ఒకటే: పుట్, కట్, సెట్, షట్, కాస్ట్, స్ప్లిట్. ఇక్కడ మనం తక్కువ చేయం, ఎక్కువ చేస్తాం. ‘పాస్‌వర్డ్ వాజ్ రీసెట్టెడ్’ అంటాం, ‘సర్వర్ వాజ్ షట్టెడ్ డౌన్’ అంటాం. ‘వాజ్ రీసెట్’, ‘వాజ్ షట్ డౌన్’ అంతే.

ఇక మిగిలినవి రెండో రూపం, మూడో రూపం వేరు వేరుగా ఉండే క్రియలు. ఆఫీసు మెయిల్‌లో నిజంగా తగిలేవి ఓ పాతిక ఉంటాయేమో. రిటెన్, టేకెన్, గివెన్, డన్, సీన్, చోజెన్, బ్రోకెన్, ఫర్‌గాటెన్, షోన్, నోన్, డ్రాన్, హిడెన్. మీ పనిలో ఓవర్‌రిటెన్, ఓవర్‌రిడెన్ కూడా. వీటిలో రన్ ఒక్కటి ప్రత్యేకంగా చూసుకోండి. రన్, ర్యాన్, రన్. మూడోది మళ్లీ మొదటి దగ్గరికే వచ్చింది. ‘ద స్క్రిప్ట్ వాజ్ ర్యాన్’ అని రాసేవాళ్లు ఇంజనీర్లలోనే చాలామంది ఉన్నారు. ‘వాజ్ రన్’ అనాలి. కమ్, బికమ్ కూడా ఇలాగే తిరిగి వస్తాయి కానీ పాసివ్‌లో వాటితో పని పడదు. వీటిని పట్టికలాగా మూడేసి మాటలు వల్లె వేయకండి. ‘వాజ్ టేకెన్’, ‘వాజ్ గివెన్’, ‘హ్యాజ్ బీన్ డన్’ అని బీ మాటతో కలిపి ఒకే ముక్కగా నోటికి అలవాటు చేయండి. మీకు రాసేటప్పుడు కావాల్సింది ఆ ముక్కే. పట్టికలో అది ఎక్కడా లేదు.

ఈడీ చేరే మామూలు క్రియలు తేలిక అనుకుంటాం. అక్కడ తప్పు కంటికి కనపడదు. అప్‌డేటెడ్, అప్‌లోడెడ్, యాడెడ్ లాంటివాటిలో చివర ‘ఎడ్’ అని విడిగా వినిపిస్తుంది కాబట్టి రాసేటప్పుడు తొందరగా మర్చిపోం. క్లోజ్డ్, రిజాల్వ్‌డ్, అసైన్డ్‌లలో చివర ఒక చిన్న ‘డ్’. చెక్డ్, ఫిక్స్డ్, అటాచ్డ్‌లలో పలికేటప్పుడు అది ‘ట్’ అవుతుంది. వెనక ఇంకో మాట వచ్చిందంటే అదీ వినపడదు. వినపడని అక్షరాన్ని మనం రాయడం మానేస్తాం. ‘ద ఫైల్ ఈజ్ అటాచ్ విత్ దిస్ మెయిల్’ అలా పుడుతుంది. ఇక్కడ చెవిని నమ్మకండి, బీ మాట కనపడగానే వెనక ఈడీ ఉందా అని కంటితో చూడండి.

జంటల్లో ఒకదానికి బదులు ఇంకోటి పడేవి రెండు మూడు చెప్తాను, మీరున్న ఊరే ఉదాహరణ. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, ‘స్ట్రక్ అయ్యాను’ అని ఫోన్ చేస్తాం. దాన్నే మెయిల్‌లో ‘ఐ యామ్ స్ట్రక్ ఇన్ ట్రాఫిక్’ అని పెడతాం. స్ట్రక్ అనేది స్ట్రైక్‌కి మూడో రూపం, అంటే దెబ్బ తగిలిందని. ఇరుక్కోవడం స్టిక్, దాని మూడో రూపం స్టక్. మధ్యలో ర ఒక్కటి చేరితే చదివినవాళ్లు మీకు యాక్సిడెంట్ అయిందేమో అని కంగారు పడతారు. అలాగే బెంగళూరును కెంపేగౌడ 1537లో స్థాపించారని రాయాలంటే ‘వాజ్ ఫౌండెడ్’ అనాలి. ‘వాజ్ ఫౌండ్’ అంటే ఎక్కడో పోయిన ఊరు దొరికిందని అర్థం. ఫౌండ్ అనేది ఫైండ్‌కి మూడో రూపం, స్థాపించడం అనే అర్థంలో మొదటి రూపం కూడా. కంపెనీ గురించి రాసేటప్పుడు ఇది తరచూ తప్పు పోతుంది. విధాన సౌధకు నెహ్రూ 1951లో శంకుస్థాపన చేశారు. ఆ పునాది రాయి ‘వాజ్ లెయిడ్’. లే, లెయిడ్, లెయిడ్. దాన్ని ‘వాజ్ లైడ్’ అంటే అబద్ధం చెప్పడం అనే వేరే క్రియలోకి వెళ్లిపోతాం. కట్టడం 1956కి పూర్తయింది, అది ‘వాజ్ కంప్లీటెడ్’. లాల్‌బాగ్ పని హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించాడు. అది ‘వాజ్ బిగన్’, బిగ్యాన్ కాదు. ఆదివారం లాల్‌బాగ్‌కి వెళ్తే అక్కడి బోర్డులు చదవండి. చరిత్ర చెప్పే బోర్డుల్లో ఇలాంటి పాసివ్ వాక్యాలే ఎక్కువగా ఉంటాయి. మారతహళ్లిలో టు లెట్ బోర్డుల మీద ‘ఫుల్లీ ఫర్నిష్డ్’ అని ఉంటుంది చూడండి, అదీ మూడో రూపమే. చోటు చాలక ముందున్న బీ మాటను మింగేశారు. దారిలో అలాంటిది కనపడినప్పుడల్లా ఆ మింగిన మాటను మనసులో పెట్టి పూర్తి వాక్యం చేసుకోండి. బస్సులో కూర్చుని చేసుకోగల సాధన అది.

అసలు సాధన మాత్రం మీ సెంట్ బాక్స్‌లో ఉంది. మీరు ఇంతకుముందు పంపిన మెయిల్స్ తెరిచి వాజ్ అని వెతకండి. దొరికిన ప్రతి చోటా దాని వెనక మాట చూడండి. క్రియ అయితే, ‘దేన్ని?’ అన్న ప్రశ్నకు జవాబు వస్తోందా, అది మూడో రూపంలోనే ఉందా చూసుకోండి. తరవాత ఈజ్, ఆర్, బీ, బీన్ కూడా అలాగే. ఎవరో రాసిన అభ్యాసం పుస్తకం కంటే ఇది ఎందుకు మేలంటే, మీ పనిలో మళ్లీ మళ్లీ వచ్చే క్రియలు, మీరు మళ్లీ మళ్లీ చేసే తప్పులు అందులో ఉంటాయి. చాలామందికి తప్పులన్నీ కలిపి ఏడెనిమిది క్రియల దగ్గరే తేలతాయి. వాటిని ఒక కాగితం మీద, ముందు చెప్పినట్టు బీ మాటతో కలిపి రాసి, మానిటర్ పక్కన అంటించుకోండి.

అనుమానం వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కేంబ్రిడ్జ్ డిక్షనరీ తెరవండి. రైట్ అని కొడితే పాస్ట్ టెన్స్ రోట్, పాస్ట్ పార్టిసిపుల్ రిటెన్ అని విడివిడిగా చూపిస్తుంది. అర్థం పక్కన టీ అనే అక్షరం ఉంటే ఆ క్రియ కర్మ తీసుకుంటుంది, చాలావరకు పాసివ్‌కి పనికొస్తుంది. ఐ అని మాత్రమే ఉంటే తీసుకోదు. అకర్ దగ్గర ఐ ఉంటుంది. మీ లీడ్‌కి చూపించాల్సి వస్తే చూపించాల్సింది ఆ పేజీనే. కొన్ని క్రియలకు రెండు రూపాలు ఇచ్చి ఉంటే కంగారు పడకండి. లెర్న్‌డ్, లెర్న్‌ట్ రెండూ సరే. ప్రూవ్‌డ్, ప్రూవెన్ రెండూ సరే. ఒకే మెయిల్‌లో ఏదో ఒకటే వాడితే చాలు.

కోర్సు గురించి అడిగారు. పాసివ్ ఒక్కదాని కోసం డబ్బు పోయకండి, పైన చెప్పింది చేస్తే అది మీ అంతట మీకే వస్తుంది. కాల్‌లో నోరు పెగలడం లేదు, అవతలివాళ్ల మాట అందడం లేదు అన్న ఇబ్బంది కూడా ఉంటే చేరడంలో తప్పులేదు. మారతహళ్లిలో అడుగడుగునా అలాంటి సెంటర్లు ఉన్నాయి. డబ్బు కట్టే ముందు డెమో క్లాస్‌కి వెళ్లండి, వెళ్లేటప్పుడు మీరు రాసిన మెయిల్ ఒకటి, కంపెనీ వివరాలు తీసేసి, పట్టుకెళ్లండి. దాన్ని మీ ముందు దిద్ది, ఎందుకు దిద్దారో మీకు అర్థమయ్యేలా తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చెప్పగలిగిన మాస్టారు ఉంటే చేరండి. పట్టిక జిరాక్స్ చేతిలో పెట్టి బట్టీ పట్టమంటే వచ్చేయండి.